అరస్వరం పైకెక్కిన సింగిల్: అమ్ముడుపోని ఒక రాక్ రికార్డు చరిత్రను తేల్చిన తీరు

పాత గ్రామఫోన్ రికార్డులను, స్పూల్ టేపులను డిజిటల్ రూపంలోకి తెచ్చి, వాటి పుట్టుపూర్వోత్తరాలను నమోదు చేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాటిలో నాటక పద్యాలు, హరికథలు, ఇళ్ళలో దాచుకున్న కచేరీ టేపులు ఎక్కువ. ఇక్కడ రాస్తున్నది వాటికి భిన్నమైన కేసు. 1960ల చివరి సంవత్సరాలలో ఒక దక్షిణ భారత నగరంలో పనిచేసిన రాక్ బృందం విడుదల చేసిన ఏకైక సింగిల్ (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) ఎందుకు అమ్ముడుపోలేదో తేల్చి, దాన్ని తిరిగి విడుదల చేయడానికి తగిన రూపంలో సిద్ధం చేయవలసి వచ్చింది. బృందం పేరు, ఊరు, పాట పేరు, రికార్డు కంపెనీ, విడుదలైన సంవత్సరం ఇక్కడ చెప్పడం లేదు. బృందంలో జీవించి ఉన్నవారూ, మరణించినవారి కుటుంబాలూ ఈ షరతు మీదే కేసును రాయడానికి అంగీకరించారు. సాంకేతిక వివరాలను మాత్రం మార్చలేదు. ఈ కేసు నేర్పేది వాటిలోనే ఉంది.

నేపథ్యం

ఆ కాలంలో మన నగరాలలో ఇలాంటి బృందాలను బీట్ గ్రూపులు అనేవారు. రెండు గిటార్లు, ఒక బేస్ గిటార్, డ్రమ్స్, స్తోమత ఉంటే ఒక ఎలక్ట్రిక్ ఆర్గాన్ ఉండేవి. కలకత్తా పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లు, బొంబాయి హోటళ్ళు, బెంగళూరు, మద్రాసు కాలేజీ ఉత్సవాలు, సికిందరాబాదు క్లబ్బుల్లో జరిగే డాన్సులు వీరికి వేదికలు. కలకత్తా నుంచి 1967లో మొదలైన జూనియర్ స్టేట్స్‌మన్ పత్రిక ఈ కుర్రవాళ్ళను పట్టించుకునేది. ఇంపీరియల్ టుబాకో కంపెనీ తన సిమ్లా సిగరెట్ల పేరిట నిర్వహించిన సిమ్లా బీట్ పోటీల నుంచి 1970, 1971లలో రెండు ఎల్పీ రికార్డులు వచ్చాయి. ఆ తరం సొంతంగా కట్టుకున్న పాటలు కొన్నైనా మనకు మిగిలాయంటే ఆ రెండు ఎల్పీల చలవ చాలా ఉంది.

ఈ కేసుకు అవసరమైన విషయం మరొకటుంది. ఈ బృందాలకు భోజనం పెట్టింది సొంత పాటలు కావు. డాన్సుకు వచ్చినవారు రేడియో సిలోన్‌లో విన్న ఇంగ్లండ్, అమెరికా పాటలనే మళ్ళీ వినాలనుకునేవారు, వాటిని అచ్చు గుద్దినట్టు వాయించగలిగిన బృందానికే పేరు వచ్చేది. అలాంటి వాతావరణంలో మన బృందం తాను రాసి బాణీ కట్టుకున్న ఇంగ్లీషు పాటను మొదటి వైపునా, ఒక విదేశీ పాటను రెండో వైపునా పెట్టి, నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల సింగిల్‌ను విడుదల చేసింది. రికార్డు కదలలేదు. కంపెనీ రెండో అవకాశం ఇవ్వలేదు. ఆ తర్వాత కొద్ది కాలానికే బృందం విడిపోయి, సభ్యులు ఉద్యోగాలలో స్థిరపడ్డారు.

నా ముందుకు వచ్చిన సమస్య

గాయకుడిగా ఉన్న పెద్దాయన మరణించిన తర్వాత ఆయన కుమార్తె నన్ను సంప్రదించారు. ఆమె అడిగినవి రెండు. మొదటిది, రికార్డును శుభ్రంగా వినిపించేలా చేయడం. రెండవది, తండ్రి జీవితమంతా చెప్పుకున్న ఒక ఫిర్యాదును సరిచేయడం. రికార్డులో ఉన్నది తమ పాట కాదనీ, తమ పాట అంత తొందరగా, అంత కీచుగా ఉండదనీ, జనం తిరస్కరించింది తమను కాదనీ ఆయన చివరి వరకూ అనేవారట. కనుక వేగాన్ని తగ్గించి, వారు వాయించినట్టుగానే వినిపించి, ‘అసలైన పాట’గా దాన్ని విడుదల చేయాలన్నది ఆమె కోరిక.

ఈ కోరికలో మూడు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయని మొదట గుర్తించవలసి వచ్చింది. రికార్డు నిజంగా వేగంగా ఉందా అన్నది కొలతకు అందే ప్రశ్న. వేగంగా ఉంటే అది యంత్రదోషమా, ఎవరైనా కావాలని చేసిన పనా అన్నది సాక్ష్యంతో తేలవలసిన ప్రశ్న. ఆ వేగం వల్లనే రికార్డు అమ్ముడుపోలేదా అన్నది చరిత్రకు సంబంధించినది. మూడింటిలో అన్నిటికన్నా కష్టమైనది అదే. కుటుంబానికి ఇవి ఒకే బాధగా కనిపించడం సహజం. పని చేసేవారు వాటిని కలిపి పట్టుకుంటే ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అతికించే ప్రమాదం ఉంది.

రెండవ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో సంగీత చరిత్రలోని రెండు ఉదాహరణలు చెబుతాయి. అమెరికన్ జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లో మొదటి వైపు పాటలు, రికార్డు చేసిన యంత్రం నెమ్మదిగా నడవడం వల్ల, దశాబ్దాల పాటు అసలు శ్రుతి కన్నా కొంచెం పైన వినిపించాయి. అదనంగా నడిపిన మరో టేపు ఆధారంగా 1992లో దాన్ని సరిచేశారు. అది దోషం, సరిచేయడం న్యాయం. మరోవైపు బీటిల్స్ 1967 నాటి ‘వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్’ పాటను, గొంతు మరింత లేతగా వినిపించాలని, కావాలనే వేగం పెంచి విడుదల చేశారు. దాన్ని ఎవరైనా నెమ్మదింపజేసి ఇదే అసలైనదంటే అది చరిత్రను చెరపడమే అవుతుంది. మన సింగిల్ ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో తేలనిదే కుమార్తె కోరికకు అవుననడం గానీ కాదనడం గానీ కుదరదు.

మొదట చేసినవి, ఫలించనివి

సహజంగా మొదటి ప్రయత్నం మాస్టర్ టేపు కోసమే, అంటే రికార్డు ముద్రణకు మూలమైన స్టూడియో టేపు కోసమే. కంపెనీ హక్కులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కుని రాస్తే, ఆ టేపు తమ నిల్వలో లేదని జవాబు వచ్చింది. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. టేపు ఖరీదైన వస్తువుగా ఉన్న రోజులలో, మళ్ళీ అవసరం రాదనుకున్నదాన్ని చెరిపి తిరిగి వాడేవారు. బీబీసీ వంటి సంస్థ కూడా 1960ల నాటి కార్యక్రమాలను అలా ఎన్నో పోగొట్టుకుంది. అమ్ముడైన రికార్డు టేపును భద్రపరచడానికి వ్యాపార కారణం ఉంటుంది, అమ్ముడుపోనిదానికి అదీ ఉండదు. విఫలమైన సింగిల్ చరిత్ర రాయడంలోని మొదటి ఇబ్బంది ఇదే: వైఫల్యం తన సాక్ష్యాలను తానే చెరిపేస్తుంది.

రెండవ ప్రయత్నం మిగిలిన సభ్యులను కలపడం. వయసు మళ్ళిన ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడితే జ్ఞాపకాలు ఒకదానికొకటి తోడై పెరుగుతాయని కుటుంబం ఆశించింది. ఆప్యాయత విషయంలో ఆ సమావేశం ఎంతో విలువైనదే గానీ సాక్ష్యంగా పనికి రాలేదు. ఆర్గాన్ వాయించినవారు రేడియోవాళ్ళు రికార్డును నిషేధించారన్నారు. గంట గడిచేసరికి అంతకు ముందు ఆ మాటే ఎత్తని మిగతా ఇద్దరూ అవును, నిషేధించారని అనడం మొదలుపెట్టారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. యాభై ఏళ్ళుగా కలిసి మోసిన బాధకు గట్టిగా చెప్పినవారి కారణమే అందరి కారణమైంది. అందుకే తర్వాత ప్రతి ఒక్కరితోనూ విడిగా, కారణాల గురించి అడగకుండా, పని గురించి మాత్రమే మాట్లాడాను. ఏ వేలు ఏ తీగ మీద ఉండేది, స్టూడియోలో ఆంప్లిఫయరు ఎక్కడ పెట్టారు, ముందు ఏ పాట రికార్డు చేశారు అనే ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి సరిపోయాయి. చేతులు గుర్తుపెట్టుకున్నది మనసు గుర్తుపెట్టుకున్నదాని కన్నా నమ్మదగినదన్నది ఈ వృత్తిలో నేను పదేపదే చూస్తున్న విషయం.

మూడవది శబ్దశుద్ధికి చేసిన ప్రయత్నం. కుటుంబం దగ్గరున్న ప్రతి బాగా అరిగిపోయి ఉంది. దాన్ని అంతకు ముందే ఎవరో స్వయంచాలకంగా చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పగా, చిటపటలతో పాటు టాంబరిన్ గలగలలూ, డ్రమ్ అంచు మీద కర్ర తగిలే చప్పుడూ కొట్టుకుపోయాయి. క్షణంలో లేచి క్షణంలో పడిపోయే శబ్దాన్నే ఆ సాఫ్ట్‌వేర్ దుమ్ముగా లెక్కిస్తుంది కాబట్టి ఇది ఊహించదగిన ఫలితమే. వేగం గురించి చర్చ జరుగుతున్న పాటలో తాళపు అంచులను పోగొట్టుకుంటే కొలవడానికి మిగిలేది తక్కువ. ఆ ఫైలును పక్కన పెట్టి ప్లేటు దగ్గర నుంచే మొదలుపెట్టాం.

ప్లేటు నుంచి తీసుకున్నది

సేకర్తల దగ్గర మరికొన్ని ప్రతులు దొరికాయి. వాటిని కడిగి, సూక్ష్మదర్శినితో గాళ్ళు పరిశీలించాక ముల్లు ఎంపిక మీద ఎక్కువ సమయం వెచ్చించాను. ఆ రోజుల్లో ఇళ్ళలోని ప్లేయర్ల బరువైన చేతులు గాడిని ఒక నిర్ణీత లోతులో అరగదీశాయి. స్టీరియో రికార్డులకు వాడే సుమారు 18 మైక్రాన్ల ముల్లు ఈ ప్రతులలో సరిగ్గా ఆ అరిగిన చోటే కూర్చుంటోంది. పాత మోనో సూక్ష్మగాళ్ళకు తగిన 25 మైక్రాన్ల ముల్లు గోడ మీద కాస్త పైన, తక్కువ అరిగిన భాగాన్ని తాకింది. మోనో రికార్డులో సంగీతం గాడి పక్కలకు కదలడంలోనే ఉంటుంది కాబట్టి, స్టీరియో కార్ట్రిడ్జితో రెండు గోడలనూ విడివిడిగా తీసుకుని, ఏ క్షణంలో ఏ గోడ బాగుంటే దాన్ని ఎంచుకునే వీలుంది. ఈ పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌తో పోగొట్టుకున్న టాంబరిన్ తిరిగి వచ్చింది. ఇక్కడ గోడల ఎంపిక, మిగిలిన చిటపటల తొలగింపు చేత్తో చేసినవే. అలా చేయడం నిదానమే అయినా ఈ పాటకు వేరే దారి కనిపించలేదు.

బదిలీ 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వద్ద, క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న టర్న్‌టేబుల్ మీద, సరిగ్గా 45 చుట్ల వేగంతో జరిగింది. మధ్య రంధ్రం జరిగిన ప్రతులలో ప్రతి చుట్టుకూ, అంటే 1.33 సెకన్లకు ఒకసారి, శ్రుతి ఊగుతుంది. అందుకని ప్లేటును కేంద్రానికి సర్దిన తర్వాతే కొలతలు తీసుకున్నాను.

లేబుల్ పక్కన ఖాళీ భాగంలో చెక్కిన అంకెలు కూడా మాట్లాడాయి. ముద్రణకు వాడే లోహపు స్టాంపర్ కొన్ని ముద్రణల తర్వాత అరిగిపోతుంది, అప్పుడు కొత్తది వస్తుంది, దాని గుర్తు మారుతుంది. బాగా అమ్ముడైన రికార్డు ప్రతులను పోల్చితే వేర్వేరు గుర్తులు కనిపిస్తాయి. మాకు దొరికిన ప్రతులన్నిటి మీదా ఒకే గుర్తు ఉంది. పైగా వాటిలో ఎక్కువ భాగం అమ్మకానికి కాదన్న ముద్ర ఉన్నవి, అంటే రేడియోకీ పత్రికలకూ నమూనాగా పంపినవి. దొరికిన కొద్దిపాటి ప్రతుల నుంచి ఖచ్చితమైన సంఖ్య చెప్పడం సాధ్యం కాదు. కానీ ఒకే విడత ముద్రణ, దుకాణాలకు చేరినది అతి తక్కువ అన్న ఊహకు ఇది బలమైన ఆధారం.

వేగం ప్రశ్న తేలిన విధం

ఇది కేసుకు కేంద్రం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రికార్డు మీద పాట పాశ్చాత్య సంగీతంలో ఎఫ్ అనే శ్రుతిలో వినిపిస్తుంది. అది ఇ అనే శ్రుతి కన్నా ఒక అరస్వరం, అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న దూరం, పైన ఉంటుంది. గిటార్ వాయించినవారిని విడిగా కలిసినప్పుడు, ఏమీ చెప్పకుండా ఒక గిటార్ చేతికిచ్చి ఆ పాట మొదలెలా ఉండేదని అడిగాను. ఆయన ఆరవ తీగను ఏమీ నొక్కకుండా మీటి, ఆ వదిలేసిన తీగకే మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే వరుసను వాయించారు. నొక్కని ఆరవ తీగ ఇచ్చేది ఇ స్వరం. ఎఫ్‌లో ఆ వరుసను అలా వాయించడం కుదరదు, వేలు విడిచినప్పుడు మోగే తీగ ఉండదు. రికార్డులోనూ ఆ విడుపు, ఆ తీగ మోత స్పష్టంగా ఉన్నాయి. అంటే వాయించినది ఇ, వినిపిస్తున్నది ఎఫ్, తేడా ఒక అరస్వరం, సుమారు ఆరు శాతం. గిటార్లన్నిటినీ ఒక అరస్వరం బిగించి ఉండవచ్చుననే అవకాశాన్ని కూడా పరిశీలించాం. పాడేవారికి కష్టమయ్యే దిశలో తీగలను బిగించుకోవలసిన కారణం ఎవరికీ తోచలేదు.

ఇక ఇది దోషమా, నిర్ణయమా అన్న ప్రశ్న. మన దేశంలో ఆ కాలపు రికార్డింగుల విషయంలో మొదట అనుమానించవలసింది కరెంటునే. సరఫరా చాలని వేళల్లో ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కన్నా కిందికి జారడం మామూలు. ఆనాటి చాలా టేపు యంత్రాల మోటార్లు ఆ ఫ్రీక్వెన్సీని అనుసరించే తిరిగేవి. కరెంటు మందగించిన వేళ రికార్డు చేసి, బాగున్న వేళ ఆ టేపును నడిపితే సంగీతం పైకి జరుగుతుంది. ఎవరి తప్పూ లేకుండానే పాట వేగం పుంజుకుంటుంది.

దీన్ని పరీక్షించే మార్గం రికార్డులోనే దాగి ఉంది. గిటార్ ఆంప్లిఫయర్లు చేసే సన్నని కరెంటు హోరు కూడా సంగీతంతో పాటు టేపు మీదికి ఎక్కుతుంది. అది కరెంటు ఫ్రీక్వెన్సీలోనూ, దాని రెట్టింపు, మూడు రెట్లలోనూ ఉంటుంది. ఇప్పుడు రెండు సందర్భాలను వేరుచేసి చూడాలి. తప్పు కరెంటుదే అయితే, రికార్డింగు వేళ హోరు ఎంత తగ్గిందో టేపు వేగం కూడా అంతే తగ్గి ఉంటుంది. తర్వాత 50 హెర్ట్జ్ మీద ఆ టేపును నడిపినప్పుడు రెండు మార్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సంగీతం పైకి జరిగినా హోరు మాత్రం తిరిగి 50 దగ్గరే కనిపిస్తుంది. అలా కాక, ఎవరైనా టేపు వేగాన్ని కావాలని పెంచి ఉంటే సంగీతంతో పాటు హోరు కూడా పైకి జరుగుతుంది, ఆరు శాతానికి 53 అవుతుంది.

అసలు 50 హెర్ట్జ్ ప్రాంతం టర్న్‌టేబుల్ గరగరలో మునిగిపోయి ఉంటుంది కాబట్టి రెండు రెట్ల దగ్గర వెతికాను. సంగీతం అడ్డురాని చోటు కావాలి. చివరి తీగ మోత ఆరిపోయాక, శబ్దం పూర్తిగా తగ్గించక ముందు, ఒక చిన్న వ్యవధి ఉంది. అక్కడ రెండు గీతలు వేరువేరుగా కనిపించాయి: ఒకటి 100 హెర్ట్జ్ దగ్గర, రెండవది 106 దగ్గర. మొదటిది ప్లేటు కోసిన గదిలోనిది, రెండవది స్టూడియోలోని ఆంప్లిఫయరుది. కరెంటు సరఫరా 53 హెర్ట్జ్‌కు చేరడాన్ని ఆ కాలపు పరిస్థితులలో నమ్మలేం. రికార్డు రెండో వైపున, అదే రోజు అదే గదిలో వాయించిన పాటలో, 106 దగ్గర ఏమీ లేదు, ఆ పాట శ్రుతి కూడా ఉండవలసిన చోటే ఉంది. యంత్రం పాడైతే రెండు వైపులూ పాడవ్వాలి. ఒక్క మొదటి వైపునే వేగం పెంచారు.

మరొక ఆధారం సికిందరాబాదులో, బేస్ వాయించినవారి బంధువుల ఇంట్లో దొరికిన స్పూల్. ఇంటి రికార్డరు మీద సాధన వేళ పట్టిన ఆ టేపులో పాట నిదానంగా, ఇంకో చరణంతో, ఒక పొడవైన గిటార్ విన్యాసంతో ఉంది. ఇంటి యంత్రాల వేగాన్ని నమ్మలేం కాబట్టి శ్రుతికి దాన్ని ప్రమాణంగా తీసుకోలేదు. నిర్మాణానికి మాత్రం తీసుకున్నాను. దానితో పోల్చి చూస్తే రికార్డులో ఒకచోట తాళపు చిప్ప మోత ఆరకముందే తెగిపోవడం కనిపించింది. ఆ చరణం, విన్యాసం స్టూడియో టేపులోనూ ఉండేవనీ, వాటిని కత్తిరించి అతికారనీ దీన్నిబట్టి అర్థమైంది. కత్తిరించి కుదించి, వేగం పెంచి, హుషారు తెప్పించడానికి ఎవరో ఆలోచించి చేసిన పని ఇది. డ్రమ్స్ వాయించినవారు విడిగా మాట్లాడినప్పుడు, డాన్సుకు పనికొచ్చేలా ఉండాలని కంపెనీ తరఫు వ్యక్తి పట్టుబట్టారని చెప్పారు. దాన్ని నేను ఒంటరి సాక్ష్యంగా కాక ప్లేటు చెప్పినదానికి తోడుగా స్వీకరించాను.

వైఫల్యానికి కారణం

గాయకుడి ఫిర్యాదులో మొదటి సగం నిజమని తేలింది: అది వారు వాయించిన పాట కాదు. కుటుంబం దాని నుంచి రెండో సగానికి, అంటే అందుకే అమ్ముడుపోలేదన్న నిర్ధారణకు, వెంటనే వెళ్ళింది. అక్కడ నేను ఆగాను.

ఒకే రికార్డింగు రెండు చోట్ల రెండు గతులు పొందిన సందర్భం ఒకటి నాకు ఎప్పుడూ దారి చూపుతుంది. బ్రిటన్‌కు చెందిన జోంబీస్ బృందం 1967లో రికార్డు చేసిన ఆల్బమ్ నుంచి ‘కేర్ ఆఫ్ సెల్ 44’ను ఆ ఏడాది నవంబరులో సింగిల్‌గా తెస్తే అమ్ముడుపోలేదు. సంవత్సరం ముగిసే సరికి బృందమే విడిపోయింది. అదే ఆల్బమ్‌లోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ 1968లో బ్రిటన్‌లో సింగిల్‌గా వచ్చి విఫలమైంది. ఆ ఆల్బమ్‌ను అమెరికాలో విడుదల చేయాలని సంగీతకారుడు, నిర్మాత అల్ కూపర్ కొలంబియా రికార్డు సంస్థను ఒప్పించారు. అక్కడ కూడా మొదట ఎంచుకున్న వేరే పాట పోయింది. తర్వాత వచ్చిన ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ 1969 ఆరంభంలో, అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో మూడవ స్థానం దాకా ఎక్కింది. పాడినవారు అప్పటికి బృందంగా లేరు. అదే పాట, అదే గొంతు, అదే వేగం. ఒక దేశంలో మూగబోయినది మరో దేశంలో మోగింది. శబ్దంలో ఉన్న లక్షణం ఒక్కదానితోనే అమ్మకాన్ని వివరించలేమనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

కనుక అమ్ముడుపోకపోవడాన్ని రెండుగా విడదీశాను: జనం విని వద్దనుకోవడం ఒకటి, వారి చెవిన పడకపోవడం మరొకటి. మొదటిదైతే వేగం ప్రశ్నకు అర్థముంది. రెండవదైతే వేగం ఎంత ఉన్నా ఒకటే. మా దగ్గరున్న సాక్ష్యమంతా రెండవదాని వైపే చూపిస్తోంది. ఒకే స్టాంపరు గుర్తు, నమూనా ప్రతులే ఎక్కువగా మిగలడం, కాలేజీ పత్రికలు తిరగేసినా విడుదల ప్రకటన తప్ప సమీక్ష కనిపించకపోవడం, బృందం తన కార్యక్రమాలలో కూడా ఆ పాటను దాదాపు వాయించలేదని ముగ్గురు సభ్యులూ విడివిడిగా చెప్పడం ఇందులో ఉన్నాయి. చివరి అంశం నాకు చాలా బరువైనదిగా తోచింది. శ్రోతలు విదేశీ పాటలే అడిగేవారు, నిర్వాహకులు వాటికే డబ్బిచ్చేవారు, అందువల్ల రికార్డు కొనగలిగిన యువతీయువకుల ముందుకే ఆ పాట రాలేదు. నిషేధానికి సంబంధించిన ఆధారం ఎక్కడా దొరకలేదు, ఆ మాటను విడుదల పత్రంలో చేర్చలేదు.

పెద్దాయన కుమార్తెకు ఈ ముగింపు మొదట రుచించలేదు. తండ్రికి అన్యాయం జరిగిందని నిరూపణ అయితే బాగుండునని ఆమె అనుకోవడంలో తప్పు లేదు. కానీ జనం ఆయన పాటను తిరస్కరించలేదన్న మాట కూడా ఇందులోనే ఉందని ఆమె కొంతకాలానికి తానే గుర్తించారు. ఆయన జీవితమంతా మోసిన భారం వేగం గురించి కాదు, ఆ తిరస్కారం గురించి.

విడుదల రూపం ఎలా నిర్ణయించాం

మూడు ఫైళ్ళు తయారయ్యాయి. మొదటిది ఏ సవరణా లేకుండా, 45 చుట్ల వేగంతో, భద్రపరచడానికి మాత్రమే. రెండవది అదే వేగంతో, శబ్దం శుభ్రపరచినది. మూడవది స్పూల్‌లోని సాధన. వేగం తగ్గించిన రూపాన్ని కూడా 106కు 100 నిష్పత్తిలో చేసి కుటుంబానికి వినిపించాను. గాయకుడి గొంతు తమకు తెలిసిన గొంతుగా మారిందని వారు వెంటనే అన్నారు, అది నిజం కూడా. అయినా దాన్ని ప్రధాన రూపంగా విడుదల చేయవద్దని సలహా ఇచ్చాను. కత్తిరింపులు అలాగే ఉండి వేగం మాత్రం తగ్గిన ఆ పాట స్టూడియోలోనూ ఎప్పుడూ లేదు, దుకాణంలోనూ ఎప్పుడూ లేదు. దాన్ని ‘అసలైనది’ అంటే మేము కొత్త పాటను సృష్టించి దానికి పాత తేదీ వేసినట్టవుతుంది. చివరికి ప్రచురితమైన రూపం మొదటి స్థానంలోనూ, స్పూల్ రెండవ స్థానంలోనూ, వేగం తగ్గించినది ఏం చేశామో స్పష్టంగా రాసి మూడవ స్థానంలోనూ పెట్టాలని అంగీకారానికి వచ్చాం.

ఈ క్రమానికి ఖర్చు ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు హక్కు, ప్రచురించిన సంవత్సరం తర్వాతి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. ఉదాహరణకు 1968లో వచ్చిన రికార్డు మీద హక్కు 2028 చివరి దాకా నడుస్తుంది. కనుక ప్లేటు రూపానికీ, దాని నుంచి చేసిన సవరణకూ హక్కుదారు సంస్థ లైసెన్సు కావాలి. స్పూల్ బృందం సొంతంగా పట్టుకున్నది కాబట్టి ఆ అవసరం లేదు. స్పూల్ ఒక్కదాన్నే విడుదల చేస్తే పని తేలికయ్యేది. కానీ అప్పుడు వినేవారికి, 1960లలో ఎవరూ కొనుక్కోలేని పాటే ఆ బృందపు సింగిల్‌గా అందేది. లైసెన్సు వచ్చే వరకూ ఆగాలని కుటుంబమే నిర్ణయించింది, ఆలస్యంగానైనా అది వచ్చింది.

ఇంకా మిగిలినది రచయితల పేర్ల విషయం. లేబుల్ మీద పాట రాసినవారిగా బృందం పేరే ఉంది. సాహిత్యం, బాణీల మీద హక్కు రాసిన వ్యక్తి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. ఉమ్మడి రచన అయితే చివరిగా మరణించినవారి నుంచి లెక్క. అందువల్ల ఎవరు ఏం రాశారో తేలనిదే రాయల్టీ నమోదు పూర్తి కాదు. జీవించి ఉన్న ముగ్గురి నుంచీ విడివిడిగా లిఖితపూర్వక ప్రకటనలు తీసుకున్నాం. సాహిత్యం గాయకుడిదన్నది మూడింటిలోనూ ఒకేలా ఉంది. బాణీ విషయంలో, ఆర్గాన్, డ్రమ్స్ వాయించిన ఇద్దరూ గిటార్ వాయించిన ఆయన పేరే రాయగా, ఆయన మాత్రం ఆర్గాన్ వాయించినవారికి సగం చెందుతుందని రాసి సంతకం పెట్టారు. నమోదు పత్రంలో ఆ వాటా అలాగే చేరింది.